అంకె లేని వాక్యంలోనే సమీకరణం: స్థూపం, శంకువు లెక్కలు చదివే తీరు

క్షేత్రమితిలో స్థూపం, శంకువుల ఘనపరిమాణాల దగ్గరికి వచ్చేసరికి కంఠస్థం చేయాల్సినవి రెండే సూత్రాలు. భూవైశాల్యాన్ని, అంటే అడుగు భాగం వైశాల్యాన్ని, ఎత్తుతో గుణిస్తే స్థూపం ఘనపరిమాణం వస్తుంది. శంకువుది అందులో మూడో వంతు. భూమి వృత్తం కాబట్టి దాని వైశాల్యం π × వ్యాసార్థం × వ్యాసార్థం. సరంజామా మొత్తం ఇంతే. అయినా ఈ అధ్యాయంలో పద సమస్యలు చాలామందిని ముప్పుతిప్పలు పెడతాయి. సూత్రం అడిగితే టక్కున చెప్పేవాళ్లే, లెక్క చదివాక ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ఆగిపోతారు.

ఇబ్బందంతా చదివే తీరులోనే ఉంది. లెక్క కనబడగానే కళ్లు అంకెల మీదికి పోతాయి. ఆరు, ఇరవై నాలుగు, రెండు అంటూ వాటిని ఏరుకుని, తెలిసిన సూత్రంలో ఇరికించి, వచ్చినదాన్ని జవాబుగా రాసేయాలనిపిస్తుంది. కానీ అంకెలు కొలతలు మాత్రమే చెబుతాయి. ఏది దేనికి సమానమో చెప్పేది అంకె ఒక్కటీ లేని మాట. 'కరిగించి', 'పూర్తిగా మునిగేలా', 'అంచు దాకా', 'చుట్టూ సమంగా పరిచి' లాంటి మాటల్లోనే సమీకరణం దాగి ఉంటుంది.

ఒక మామూలు లెక్క తీసుకుందాం. వ్యాసార్థం 6 సెం.మీ., ఎత్తు 24 సెం.మీ. ఉన్న లోహపు స్థూపాన్ని కరిగించి, వ్యాసార్థం 2 సెం.మీ., ఎత్తు 6 సెం.మీ. ఉండే శంకువులుగా పోత పోశారు. ఎన్ని శంకువులు వస్తాయి? కొలతలు నాలుగున్నా, లెక్క నిలబడింది 'కరిగించి' అన్న మాట మీదే. కరిగాక పాత ఆకారం లేదు, పాత ఎత్తు లేదు, ఉపరితల వైశాల్యం పూర్తిగా మారిపోయింది. మారనిది లోహం పరిమాణం ఒక్కటే. కాబట్టి స్థూపం ఘనపరిమాణం = శంకువుల సంఖ్య × ఒక్కో శంకువు ఘనపరిమాణం. ఈ ఒక్క వరుస రాయగలిగితే తర్వాతిదంతా గుణకారం, భాగహారమే. స్థూపానిది 36 × 24 = 864π. ఒక్కో శంకువుది 4 × 6 ÷ 3 = 8π. జవాబు 108.

ఇక్కడ π విలువతో పనే పడలేదు. రెండు వైపులా ఉన్న π కొట్టేసుకుపోయింది. చాలామంది మొదటి వరుసలోనే 22/7 వేసేస్తారు. అప్పుడు స్థూపానిది 2715.43, శంకువుది 25.14 అవుతాయి. భాగిస్తే 108.01 వస్తుంది. ఆ చివరి 0.01 ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని ఉంచాలో తీసేయాలో తెలియక తికమకపడాలి. 22/7 అసలు π కంటే సుమారు 0.04 శాతం ఎక్కువ, 3.14 సుమారు 0.05 శాతం తక్కువ. ఏది వాడినా జవాబులో మొదటి మూడు అంకెల తర్వాతివాటిని గట్టిగా నమ్మలేం. అందుకే చివరి దాకా πని π గానే ఉంచి, లెక్క అడిగితేనే విలువ వేయడం మంచిది. ఘనపరిమాణాలను ఒకదానితో ఒకటి పోల్చే లెక్కల్లో చాలావరకు ఆ అవసరమే రాదు.

శంకువుకు మూడో వంతు ఎందుకొచ్చిందో ఒకసారి చూస్తే ఆ సూత్రం మరి మరచిపోయే పని ఉండదు. ఒక ఘనాన్ని తీసుకుని, దాని ఒక మూలను, ఆ మూలను తాకని మూడు ముఖాలతోనూ కలుపుదాం. ఘనం మొత్తం సరిగ్గా ఒకేలాంటి మూడు పిరమిడ్లుగా విడిపోతుంది. ప్రతి పిరమిడ్‌కూ భూమి ఘనం ముఖమే, ఎత్తు ఘనం భుజమే. అంటే పిరమిడ్ ఘనపరిమాణం భూవైశాల్యం × ఎత్తులో మూడో వంతు. ఇప్పుడు అదే భూవైశాల్యం, అదే ఎత్తు ఉన్న శంకువును పక్కన పెడితే, ఏ ఎత్తులో అడ్డంగా కోసినా రెండింటి కోతల వైశాల్యాలూ సమానంగానే ఉంటాయి, ఎందుకంటే కొన వైపు పోయేకొద్దీ రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. కోతలన్నీ సమానమైతే ఘనపరిమాణాలూ సమానమే. ఈ చివరి మాటను 17వ శతాబ్దపు ఇటలీ గణితవేత్త కవలియరీ పేరుతో చెబుతారు. శంకువు మూడో వంతేనన్న సంగతి మాత్రం అంతకు ఎంతో ముందే తెలుసు. దాన్ని మొదట చెప్పినవాడు ప్రాచీన గ్రీకు తత్వవేత్త డెమోక్రిటస్ అనీ, నిరూపించినవాడు గ్రీకు గణితవేత్త యూడాక్సస్ అనీ ఆర్కిమెడిస్ రాశాడు. యూక్లిడ్ రాసిన 'ఎలిమెంట్స్' 12వ సంపుటిలో ఆ నిరూపణ ఉంది.

మునక లెక్కల్లోనూ అంకె లేని మాటదే పెత్తనం. వ్యాసార్థం 6 సెం.మీ. ఉన్న స్థూపాకార పాత్రలో కొంత నీరుంది. అందులో వ్యాసార్థం 3 సెం.మీ., ఎత్తు 8 సెం.మీ. ఉన్న లోహపు శంకువును పూర్తిగా మునిగేలా ఉంచారు. నీటిమట్టం ఎంత పెరుగుతుంది? శంకువు ఎంత చోటు ఆక్రమించిందో అంత నీరు పైకి జరగాలి. శంకువు ఘనపరిమాణం 9 × 8 ÷ 3 = 24π. పాత్ర అడుగు వైశాల్యం 36π. పెరుగుదల 24/36, అంటే మూడింట రెండు వంతుల సెంటీమీటరు. మొదట నీరు ఎంత లోతున ఉందన్నది లెక్కలోకి రానే రాలేదు.

ఇప్పుడు అదే లెక్కలో 'పూర్తిగా మునిగేలా' అన్న మాట తీసేసి, దాని బదులు మొదటి లోతు 5 సెం.మీ. అని ఇస్తే ఏమవుతుందో చూడాలి. అలవాటు కొద్దీ 5కి 0.67 కలిపి 5.67 అని రాసేస్తారు. కానీ శంకువు ఎత్తు 8 సెం.మీ. నీరు 5.67 దగ్గర ఆగిపోతే కొన బయటే ఉంటుంది. కొన బయట ఉంటే పూర్తి 24π నీరు పక్కకు జరిగిందన్న లెక్క చెల్లదు. శంకువు నిండా మునగాలంటే పాత్రలో ముందే కనీసం 7.33 సెం.మీ. లోతున నీరుండాలి.

శంకువు అడుగు మీద నిలబడి, కొన పైకి ఉందనుకుంటే అసలు జవాబు ఎంత? చివరి నీటిమట్టం దాకా పాత్ర ఘనపరిమాణంలోంచి, శంకువులో మునిగిన భాగాన్ని తీసేస్తే మొదటున్న నీరు, అంటే 36 × 5 = 180π, రావాలి. మునిగిన భాగం అంటే మొత్తం శంకువులోంచి పైన మిగిలిన చిన్న శంకువు పోగా ఉన్నది. నీటిమట్టం 5.65 సెం.మీ. అనుకుని చూద్దాం. బయట ఉన్న కొన ఎత్తు 2.35 సెం.మీ., మొత్తం ఎత్తులో 29 శాతం. దాని ఘనపరిమాణం 0.29 ఘనమంత, అంటే మొత్తంలో దాదాపు రెండున్నర శాతమే. మునిగిన భాగం 23.39π. 36 × 5.65 = 203.4. తేడా 180.01. సరిపోయింది. అంటే తొందరపడి రాసిన 5.67కీ, సరైన 5.65కీ మధ్య తేడా 0.02 సెంటీమీటరు మాత్రమే. తప్పు తర్కంతో వెళ్లినా జవాబు ఇంత దగ్గరగా రావడానికి కారణం శంకువు కొనలో పదార్థం దాదాపు లేకపోవడమే. శంకువు గురించి గుర్తుంచుకోవాల్సిన సంగతుల్లో ఇది ముఖ్యమైనది. ఎత్తులో పైనున్న మూడో వంతు చూడ్డానికి పెద్దగానే కనిపిస్తుంది, ఘనపరిమాణంలో దాని వాటా ఇరవై ఏడింట ఒక వంతు.

ఇదే సంగతి శంకువు ఆకారపు పాత్రల లెక్కల్లో ఇంకా బలంగా బయటపడుతుంది. కొన కిందికి ఉన్న పాత్ర, ఎత్తు 12 సెం.మీ., పైన వ్యాసార్థం 6 సెం.మీ. నీరు 6 సెం.మీ. లోతున ఉంది. పాత్ర ఎంత భాగం నిండింది? సగం ఎత్తుకు నీరుంది కాబట్టి సగం అనిపిస్తుంది. నీరు కూడా ఒక శంకువే, కానీ దాని వ్యాసార్థం 6 కాదు. ఇక్కడే లెక్క చెప్పకుండా వదిలేసిన వాక్యం ఒకటుంది. పాత్ర గోడలు తిన్నగా ఉన్నాయి కాబట్టి, నిలువుగా కోస్తే కనిపించే పెద్ద త్రిభుజం, నీటి త్రిభుజం సరూపాలు. ఎత్తు సగమైతే వ్యాసార్థమూ సగమే, 3 సెం.మీ. ఘనపరిమాణంలో వ్యాసార్థం రెండుసార్లు, ఎత్తు ఒకసారి గుణకారంలోకి వస్తాయి. మూడూ సగాలే కాబట్టి నీరు ఎనిమిదో వంతు. పాత్ర నిజంగా సగం నిండాలంటే నీరు సుమారు 9.5 సెం.మీ. లోతుకు చేరాలి, 12ని ½ ఘనమూలంతో గుణిస్తే వచ్చేది అదే.

ఇప్పుడు ఆ పాత్రకు మూత బిగించి తలకిందులు చేద్దాం. వెడల్పాటి వైపు కిందికి, కొన పైకి. నీరు అంతే ఉంది. లోతు ఎంత? ఇక్కడ నీటి ఆకారాన్ని పట్టుకుని కుస్తీ పట్టడం కంటే ఖాళీని చూడడం తేలిక. నీరు ఎనిమిదో వంతు కాబట్టి ఖాళీ ఎనిమిదింట ఏడు వంతులు, ఆ ఖాళీ పైన కొనతో కూడిన నిఖార్సైన శంకువు. దాని ఎత్తు 12ని 7/8 ఘనమూలంతో గుణిస్తే వస్తుంది. 7 ఘనమూలం సుమారు 1.913, దాన్ని 2తో భాగిస్తే 0.956. ఖాళీ ఎత్తు 11.48 సెం.మీ. నీటి లోతు 0.52 సెం.మీ. ఇందాక 6 సెం.మీ. లోతున నిలిచిన నీరే ఇప్పుడు అర సెంటీమీటరు పొరగా మిగిలింది. శంకువులో లోతును చూసి పరిమాణాన్ని అంచనా వేయడం ఎంత మోసమో ఈ రెండు అంకెలు చెబుతాయి. అడిగినదాన్ని పక్కన పెట్టి మిగిలినదాన్ని లెక్కగట్టే ఈ పద్ధతి కొన కోసేసిన శంకువుల లెక్కలన్నిటికీ పనికొస్తుంది. వాటికి విడిగా ఓ పొడవాటి సూత్రం ఉన్నా, పెద్ద శంకువులోంచి చిన్నదాన్ని తీసేయడం వస్తే ఆ సూత్రం గుర్తులేకపోయినా నష్టం లేదు.

గొట్టంలోంచి నీరు పారే లెక్కల్ని చూసి చాలామంది జంకుతారు. కారణం మొదట్లో స్థూపం ఒకటే కనిపించడం, రెండోది కనిపించకపోవడం. లోపలి వ్యాసం 2 సెం.మీ. ఉన్న గొట్టంలోంచి నీరు సెకనుకు 3 మీటర్ల వేగంతో వచ్చి, వ్యాసార్థం 60 సెం.మీ., ఎత్తు 150 సెం.మీ. ఉన్న స్థూపాకార ట్యాంకులో పడుతోంది. ఒక సెకనులో గొట్టంలోంచి బయటికొచ్చే నీరు కూడా ఒక స్థూపమే: వ్యాసార్థం 1 సెం.మీ., పొడవు 300 సెం.మీ. వేగాన్ని పొడవుగా చదవగలిగితే పని అయిపోయినట్టే. సెకనుకు 300π ఘన సెంటీమీటర్లు. ట్యాంకు 3600 × 150 = 5,40,000π. 1800 సెకన్లు, అంటే అరగంట. ట్యాంకులో మట్టం సెకనుకు పన్నెండో వంతు సెంటీమీటరు చొప్పున మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా పెరుగుతుంది.

అదే కొలతలతో ట్యాంకు శంకువు ఆకారంలో, కొన కిందికి ఉంటే పది నిమిషాల్లో నిండుతుంది. కానీ తీరు వేరు. సగం ఎత్తు దాకా చేరడానికి ఎనిమిదో వంతు నీరు చాలు, అంటే 75 సెకన్లు. మిగతా సగం ఎత్తుకు 525 సెకన్లు. మట్టం మొదట్లో దూసుకెళ్లి, రానురాను మందగిస్తుంది. పైతరగతుల్లో కలనగణితంలో మట్టం పెరిగే వేగాన్ని అడిగే లెక్కలకు మూలం ఇక్కడే ఉంది. అక్కడ కూడా మొదట రాయాల్సింది సరూప త్రిభుజాల నిష్పత్తే.

కొలతల్లో దొర్లే పొరపాట్లలో పట్టుబడనివే ప్రమాదకరం. వ్యాసార్థం బదులు వ్యాసం వేస్తే ఘనపరిమాణం నాలుగింతలవుతుంది, జవాబు చూస్తేనే అనుమానం రావాలి. కానీ కరిగించే లెక్కలో రెండు వస్తువులకూ వ్యాసాలే ఇచ్చి, రెండింటినీ వ్యాసార్థాలుగా తీసుకుంటే, పైనా కిందా ఆ నాలుగింతలు కొట్టేసుకుపోయి సంఖ్య సరిగ్గానే వస్తుంది. జవాబు కలిసింది కాబట్టి పొరపాటు జరిగిందని తెలియనే తెలియదు, తర్వాతి లెక్కలో దెబ్బతీస్తుంది. ఏటవాలు ఎత్తుదీ ఇదే తంతు. వ్యాసార్థం 5, ఏటవాలు ఎత్తు 13 అని ఇస్తే, పైథాగరస్ సిద్ధాంతంతో నిలువు ఎత్తు 12 తెచ్చుకోవాలి, అప్పుడు ఘనపరిమాణం 100π. నేరుగా 13 వేస్తే 108.3π. ఎనిమిది శాతం తేడా కంటికి ఆనదు. ఏటవాలు ఎత్తు వక్రతల వైశాల్యానికి కావాలి, ఘనపరిమాణానికి ఎప్పుడూ నిలువు ఎత్తే. శంకువును టోపీలా పెట్టుకున్న స్థూపం లెక్కల్లో 'మొత్తం ఎత్తు' అంటే అందులో శంకువు ఎత్తు కూడా కలిసి ఉంటుంది, దాన్ని తీసేశాకే స్థూపం ఎత్తు వస్తుంది. ప్రమాణాల గురించి చెప్పేది కొంచెమే: 1000 ఘన సెంటీమీటర్లు ఒక లీటరు, ఒక ఘనమీటరు 1000 లీటర్లు, లెక్క మొదట్లోనే అన్నిటినీ ఒకే ప్రమాణంలోకి తెచ్చుకోవాలి.

ఘనపరిమాణం మారకుండా ఉండడమే ప్రతి లెక్కకూ ఆధారం అనుకోవడం కూడా సరికాదు. కాగితం చుట్టే లెక్కల్లో మారనిది ఘనపరిమాణం కాదు, కాగితం. 44 సెం.మీ., 22 సెం.మీ. భుజాలున్న దీర్ఘచతురస్రాకార కాగితాన్ని పొడవు వెంట చుట్టితే చుట్టుకొలత 44, వ్యాసార్థం 7, ఎత్తు 22. ఘనపరిమాణం 3388 ఘన సెం.మీ. వెడల్పు వెంట చుట్టితే వ్యాసార్థం 3.5, ఎత్తు 44, ఘనపరిమాణం 1694. అదే కాగితం, సరిగ్గా సగం చోటు. వ్యాసార్థం రెండుసార్లు గుణకారంలోకి వస్తుంది, ఎత్తు ఒక్కసారే వస్తుంది, అందుకే పొట్టిగా లావుగా ఉన్నదే గెలిచింది. శంకువైతే, 10 సెం.మీ. వ్యాసార్థం ఉన్న వృత్తంలోంచి 216 డిగ్రీల సెక్టరు కోసి చుట్టాలి. కాగితం వ్యాసార్థమైన 10 ఇప్పుడు ఏటవాలు ఎత్తు. సెక్టరు చాపం పొడవు 12π, అదే శంకువు అడుగు చుట్టుకొలత, కాబట్టి వ్యాసార్థం 6. నిలువు ఎత్తు 8, ఘనపరిమాణం 96π. 'చుట్టారు' అన్న ఒక్క మాటకు ఇక్కడ రెండు సమీకరణాలు వచ్చాయి.

కొన్నిసార్లు ఆ మాట వెనకున్న ఊహను పరీక్షించడం కూడా అవసరమే. వ్యాసార్థం 2 మీటర్లు, లోతు 16 మీటర్లు ఉన్న బావి తవ్వి, ఆ మట్టిని చుట్టూ 4 మీటర్ల వెడల్పున సమంగా పరిచి గట్టు వేశారు. గట్టు ఎత్తు ఎంత? తవ్విన మట్టి 64π. గట్టు అడుగు ఒక వలయం: బయటి వ్యాసార్థం 6, లోపలిది 2. వైశాల్యం 36లోంచి 4 పోగా 32π. 4 మీటర్ల వెడల్పును వ్యాసార్థంగా తీసుకుని 16π వేస్తే గట్టు రెండింతలై కూర్చుంటుంది. సరైన ఎత్తు 2 మీటర్లు. నిజంగా తవ్వితే మట్టి వదులై, గుంతలో ఉన్నప్పటికంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. లెక్క ఆ సంగతిని పట్టించుకోదు. అది లోపమేమీ కాదు, కానీ తవ్విన మట్టి పరిమాణం మారదన్నది లెక్క పెట్టిన షరతు అని తెలిసి రాయడం వేరు, తెలియక రాయడం వేరు.

పదార్థం స్వభావాన్ని కూడా లెక్కలోకి తెచ్చిన పద సమస్య ఒకటి 12వ శతాబ్దంలోనే ఉంది. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో సమతల నేల మీద పోసిన ధాన్యపు రాశిని కొలిచే ప్రకరణం ఉంది. రాశి శంకువు ఆకారంలో ఉంటుంది. దాని వ్యాసార్థాన్ని కొలవలేం, కేంద్రం ధాన్యం కింద ఉంటుంది. నిలువు ఎత్తునూ నేరుగా కొలవలేం. కొలవగలిగింది అడుగు చుట్టుకొలత ఒక్కటే. సూత్రం ఇలా ఉంది: చుట్టుకొలతలో ఆరో వంతును వర్గం చేసి ఎత్తుతో గుణించాలి. πని 3గా తీసుకుంటే చుట్టుకొలతలో ఆరో వంతు అంటే వ్యాసార్థమే, మూడో వంతులోని 3 ఆ πతో పోతుంది. ఆధునిక విలువతో పోలిస్తే ఇది సుమారు 4.7 శాతం ఎక్కువ చూపిస్తుంది. రాశిని కొలవడానికి అది చాలు.

మరి ఎత్తు? అది ధాన్యం రకాన్ని బట్టి తెలుస్తుంది. ముతక ధాన్యమైతే ఎత్తు చుట్టుకొలతలో పదో వంతు, సన్న గింజలైతే పదకొండో వంతు, ముళ్లలాంటి నూగున్న ధాన్యమైతే తొమ్మిదో వంతు. నూగు ఒకదానికొకటి పట్టుకుంటుంది కాబట్టి రాశి కాస్త ఏటవాలుగా నిలబడుతుంది, సన్న గింజలు జారి పరుచుకుంటాయి. లీలావతి ఇచ్చిన లెక్కలో ముతక ధాన్యపు రాశి చుట్టుకొలత 60 హస్తాలు (మూరలు). ఆరో వంతు 10, వర్గం 100, ఎత్తు 6, ఘనపరిమాణం 600 ఘనహస్తాలు. ఇచ్చిన అంకె ఒక్కటే, ఎత్తును ఇచ్చింది 'ముతక' అన్న మాట. అదే చుట్టుకొలతకు సన్న గింజలైతే 6000/11, అంటే సుమారు 545. నూగున్నవైతే సుమారు 667.